కొత్త ఆఫీసు కట్టుకుంటున్న యాజమాన్యాలకు ఒక అడ్మిన్ మేనేజర్ బహిరంగ లేఖ

పెరుగుతున్న కంపెనీల యజమానులకు, డైరెక్టర్లకు,

నమస్కారం.

మీ కంపెనీ పెరిగింది. పాత చోటు చాలడం లేదు. పెద్ద ఫ్లోరు ఒకటి అద్దెకు తీసుకున్నారు, లేదా తీసుకోబోతున్నారు. ఈపాటికి ఆర్కిటెక్ట్ త్రీడీ బొమ్మలు పంపించే ఉంటారు. రిసెప్షన్ వెనక గోడ మీద వెలిగే లోగో, గాజు మీటింగ్ రూములు, నిలువునా మొక్కలు పెంచిన గోడ, హాలు మధ్యలో మెట్లమెట్లుగా కూర్చునే వేదిక. ఆ బొమ్మల్లో మనుషులంతా నవ్వుతూ చేతిలో ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉంటారు. ఒక్కరు కూడా పని చేస్తున్నట్టు కనిపించరు, గమనించారా?

నేను అడ్మిన్ మేనేజర్‌ని. ప్రారంభోత్సవం అయిపోయాక ఆర్కిటెక్ట్ ఇంకో ప్రాజెక్టుకు వెళ్లిపోతారు. కాంట్రాక్టర్ ఫైనల్ బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. మిగిలేది నేను. ఏసీ చల్లగా లేదన్నా, మరీ చల్లగా ఉందన్నా, మీటింగ్ రూము దొరకలేదన్నా, టాయిలెట్ దగ్గర క్యూ ఉందన్నా ఫోన్ వచ్చేది నాకే. ఆ ఫోన్లు ఎత్తే మనిషిగా మీకు ఒక మాట చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

కుర్చీలు, బల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. గాలి, కరెంటు, టాయిలెట్లు, మెట్లు అలా కావు. కంపెనీ రేపు ఎంత పెరుగుతుందో ఈరోజే లెక్క వేసుకోవాల్సింది వీటి విషయంలోనే. బడ్జెట్ మీటింగుల్లో మాత్రం గంటలకు గంటలు బల్లల రంగు గురించి, లోగో గోడ గురించి గడిచిపోతాయి.

సాధారణంగా ఏం జరుగుతుందో చెప్తాను. ‘ఈ ఫ్లోరులో ఎన్ని సీట్లు పడతాయి?’ అని మీరు అడుగుతారు. ఆర్కిటెక్ట్ లేఅవుట్ గీసి 100 అంటారు. ఏసీ ఇంజనీరు ఆ 100 మందికే లెక్క వేస్తాడు. కరెంటు లోడు కూడా 100 మందికే. ఏడాదిన్నర తిరిగేసరికి మంచి ప్రాజెక్టు వస్తుంది, ఇంకో 40 మందిని తీసుకుంటారు. ‘ఎలాగోలా సర్దండి’ అని నాకు మెయిల్ వస్తుంది. ఒక శని, ఆదివారాల్లో 1500 మిల్లీమీటర్ల బల్లలు తీసేసి 1200వి వేయిస్తాం. స్టోర్ రూము ఖాళీ చేస్తాం. చిన్న మీటింగ్ రూము ఒకరి క్యాబిన్ అయిపోతుంది. సోమవారం పొద్దున అందరికీ సీటు ఉంటుంది, మీరు శభాష్ అంటారు. రద్దీ బస్సులో ‘కొంచెం జరగండి’ అన్నట్టే ఇదీ. సీటు దొరుకుతుంది, ఊపిరి మాత్రం ఆడదు.

ఊపిరి ఆడకపోవడం అంటే ఊరికే అన్న మాట కాదు, దానికో లెక్క ఉంది. కూర్చుని పని చేసుకునే మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు కలిపి ఇంకో 100 దాకా వేసుకోండి. 40 మంది కొత్తగా చేరితే ఇంచుమించు 8,000 వాట్ల వేడి చేరినట్టు. ఒక టన్ను ఏసీ బయటికి తోయగలిగేది దాదాపు 3,500 వాట్లు. అంటే రెండు టన్నుల పైచిలుకు కూలింగ్ కొత్తగా కావాలి. దానికి డక్టు, అంటే చల్లగాలి తెచ్చే గొట్టం, చాలాలి, బయట యూనిట్ పెట్టడానికి చోటు ఉండాలి, కరెంటు ఉండాలి. ఈ మూడూ మొదటి రోజే అనుకోకపోతే తర్వాత సీలింగ్ మొత్తం విప్పాలి. పనిచేస్తున్న ఆఫీసులో సీలింగ్ విప్పడం అంటే ఏమిటో ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు.

చల్లదనం సంగతి కనీసం ఒంటికి తెలుస్తుంది. తాజా గాలి సంగతి ఎవరికీ పట్టదు. ఏసీ ఉందంటే గాలి వస్తున్నట్టే అని చాలామంది అనుకుంటారు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ గానీ, సీలింగులో కనిపించే క్యాసెట్ యూనిట్ గానీ మామూలుగా బయటి గాలిని లోపలికి తేవు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిరిగి గదిలోకే వదులుతాయి. బయటి గాలిని వడకట్టి లోపలికి తేవడానికి వేరే ఏర్పాటు కావాలి. అందరూ వాడే ఇంజనీరింగ్ ప్రమాణాల ప్రకారం చూస్తే, ఆఫీసులో మనిషికి సెకనుకు 8 నుంచి 10 లీటర్ల బయటి గాలి అందాలి.

ఇప్పుడు మీ గాజు మీటింగ్ రూము సంగతి చూడండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎంకి (అంటే పది లక్షల భాగాల్లో 420కి) కాస్త పైన ఉంటోంది. 20 చదరపు మీటర్ల గదిలో ఎనిమిది మంది తలుపు వేసుకుని కూర్చుని, కొత్త గాలి రాకపోతే అరగంటకే అది 1,500 దాటుతుంది. 1,000 దాటితేనే గాలి మార్పిడి చాలడం లేదనడానికి గుర్తుగా ఇంజనీర్లు తీసుకుంటారు. మధ్యాహ్నం మీటింగులో అందరికీ కళ్లు మూతలు పడుతుంటే ప్రెజెంటేషన్ బోర్ కొడుతోందని పాపం చెప్పేవాణ్ణి తిట్టుకుంటాం. సగం తప్పు గదిది. ప్రతి మీటింగ్ రూములో ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టించండి, అరచేతిలో పట్టేంత వస్తువు. ఆ అంకె కళ్ల ముందు ఉంటే జనమే లేచి తలుపు తీస్తారు.

గాలి తర్వాత నాకు ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది శబ్దం గురించి. ఇక్కడ జరిగే మోసం ఏమిటంటే, డ్రాయింగులో గోడ గోడలాగే కనిపిస్తుంది. సైట్లో చూస్తే ఆ జిప్సం పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దాకా వెళ్లి ఆగిపోయి ఉంటుంది. దాని పైన అసలు స్లాబు వరకు అంతా ఖాళీ. ఈ గదిలో అన్న మాట సీలింగ్ పలకల్లోంచి పైకెక్కి పక్క గదిలో దిగుతుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ గది, వచ్చినవాళ్లు కూర్చునే గది పక్కపక్కనే ఉండేవి. లోపల అడిగే ప్రశ్నలు బయట కూర్చున్న వాళ్లకు పొల్లు పోకుండా వినిపించేవి. ఆ బ్యాచ్‌లో చివర వెళ్లినవాళ్లందరూ చాలా చురుగ్గా జవాబులు చెప్పారు! జీతాల మాటలు, ఉద్యోగం తీసేసే మాటలు కూడా అలాంటి గదుల్లోనే జరుగుతాయి. ఏవో రెండు మూడు గదులకైనా గోడ స్లాబు దాకా లేపించండి, సందుల్లో సీలెంట్ పెట్టించండి, తలుపు కింద గ్యాప్ మూయించండి. ఖరీదైన అకౌస్టిక్ ప్యానెళ్లు కొని తలుపు కింద వేలెడు సందు వదిలేసిన గదులు చాలా చూశాను. ఆ ప్యానెళ్లు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప మాట బయటికి పోకుండా ఆపవు.

హాలు సంగతి ఇంకా పెద్దది. గోడలు తీసేస్తే జనం కలిసిమెలిసి మాట్లాడుకుంటారని మీకు ఎవరో చెప్పే ఉంటారు. హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలను గమనించారు. గోడలున్న ఆఫీసు నుంచి ఓపెన్ ఆఫీసుకు మారాక ఉద్యోగులు ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం పడిపోయింది. ఈమెయిళ్లు, చాట్ మెసేజీలు పెరిగాయి. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కసీటు మనిషికి చాట్‌లో ‘ఒక నిమిషం ఉందా’ అని అడగడం మనమూ రోజూ చూస్తున్నదే. అందరి ముందూ మాట్లాడాలంటే జనం మాట్లాడటం మానేస్తారు.

అలాగని అందరికీ క్యాబిన్లు కట్టమనడం లేదు. దాని కథా మనకు తెలుసు. రాబర్ట్ ప్రాప్స్ట్ అనే ఆయన హెర్మన్ మిల్లర్ అనే అమెరికా ఫర్నిచర్ కంపెనీ కోసం 1960లలో ‘యాక్షన్ ఆఫీస్’ అనే ఫర్నిచర్ పద్ధతి తయారు చేశాడు. మనిషికి కాస్త చాటు, కాస్త స్వేచ్ఛ, కావలసినట్టు మార్చుకునే వీలు ఉండాలన్నది ఆయన ఆలోచన. 1968లో వచ్చిన రెండో రకాన్ని కంపెనీలు ఎగబడి కొన్నాయి. కొని, ఎక్కువ మందిని ఇరికించడానికి వీలుగా చదరపు డబ్బాల్లా పేర్చుకున్నాయి. అలా పుట్టిందే క్యూబికిల్. అది చూసి ప్రాప్స్ట్ చివరికి చాలా బాధపడ్డాడు. ఫర్నిచర్ తప్పేం లేదు అందులో. ‘ఇంకో నలుగురు పడతారా?’ అన్న ప్రశ్నే దాన్ని చెడగొట్టింది.

ఇప్పుడు ఆ ప్రశ్నకు కొత్త వేషం వచ్చింది: ఎవరికీ సొంత సీటు ఉండదు, వచ్చినవాళ్లు ఖాళీ ఉన్నచోట కూర్చుంటారు. వారంలో సగటున 60 శాతం మందే వస్తున్నారు కాబట్టి 60 శాతం సీట్లు చాలు అంటారు. సగటు మీద ఆఫీసు కట్టకండి. అందరూ రావాలనుకునే రోజు వారంలో ఒకటి తప్పకుండా ఉంటుంది, ఆ రోజే టాయిలెట్లు చాలవు, ఆ రోజే నెట్ నెమ్మదిస్తుంది. పైగా ఇది కొత్త ఐడియా కూడా కాదు. ఛయాట్ డే అనే పెద్ద యాడ్ ఏజెన్సీ 1990ల మధ్యలోనే లాస్ ఏంజెలెస్‌లో సొంత బల్లలు ఎత్తేసింది. పొద్దున రాగానే కౌంటర్లో ఫోను, ల్యాప్‌టాప్ అడిగి తీసుకోవాలి. అవి చాలక తగువులు పడ్డారు, కాగితాలు కారు డిక్కీల్లో దాచుకున్నారు. కొన్నేళ్లకే ఆ ప్రయోగం ముగిసిపోయింది. సొంత సీటు తీసేయాలనుకుంటే కనీసం తాళం వేసుకునే లాకరైనా ఇవ్వండి, ఒక్కో టీముకు తనదైన మూల ఒకటి ఇవ్వండి.

మీటింగ్ రూముల దగ్గర ఇంకో తమాషా. 20 మంది పట్టే బోర్డ్ రూములో ఇద్దరు కూర్చుని కాల్ మాట్లాడుతుంటారు, బయట ఆరుగురు గది లేక కారిడార్లో నిలబడి ఉంటారు. మీ ఇప్పటి ఆఫీసు క్యాలెండర్ తీసి చూడండి, మీటింగుల్లో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురివే అని తేలుతుంది. అలాంటప్పుడు బోర్డ్ రూమును మధ్యలో మడత పార్టిషన్‌తో రెండుగా చేసుకోవచ్చు, మిగిలిన చోటులో ఇద్దరు ముగ్గురు పట్టే గదులు పెంచుకోవచ్చు. ఫోన్ బూత్‌లు పెట్టిస్తే ఫ్యాన్ పనిచేస్తుందో లేదో మీరే లోపల తలుపు వేసుకుని పదిహేను నిమిషాలు కూర్చుని చూడండి. నా మాట నమ్మకండి.

ఒక ఫ్లోరు చాలక రెండు ఫ్లోర్లు తీసుకునేవాళ్లకు ఒక మాట. ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970లలో ఇంజనీర్ల మీద చేసిన అధ్యయనంలో, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ పని గురించి మాట్లాడుకోవడం గబగబా తగ్గిపోతుందని, 50 మీటర్లు దాటాక దాదాపు అడుగంటుతుందని చూపించారు. రోజూ కొట్టుకుని కలిసిపోవాల్సిన రెండు టీముల్ని వేర్వేరు ఫ్లోర్లలో పెడితే కొట్టుకోవడం మాత్రమే మిగులుతుంది.

ఏసీ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఫోన్లు మళ్లీ మళ్లీ దాని గురించే వస్తాయి. ఏ ఆఫీసుకైనా వెళ్లి తలెత్తి సీలింగ్ చూడండి. ఏదో ఒక ఏసీ గ్రిల్లుకు అట్టముక్క అడ్డంగా పెట్టి టేపుతో అంటించి ఉంటుంది. టేపు ఒక మూల ఊడి వేలాడుతుంటుంది. దాని కింద కూర్చున్నావిడ భుజాల మీద శాలువా ఉంటుంది. అదే వరుసలో కిటికీ పక్కన కూర్చున్నతనికి చెమటలు పడుతుంటాయి. ఇద్దరికీ చల్లదనం సెట్ చేసే థర్మోస్టాట్ ఒకటే, అది మూడో మనిషి సీటు దగ్గర ఉంటుంది. ఎండ పడే గాజు పక్కన ఒక జోన్, లోపలి భాగం ఇంకో జోన్, మీటింగ్ రూములు మరో జోన్ అని వేర్వేరు కంట్రోళ్లు ఇవ్వకపోవడం వల్ల వచ్చే గొడవ ఇది. చలి అంటున్నావిడది నసుగుడు అని కొట్టిపారేయకండి కూడా. ఆఫీసు ఉష్ణోగ్రత ప్రమాణాలకు మూలం 1960లలో దాదాపు 40 ఏళ్ల వయసు, 70 కిలోల బరువున్న మగవాడి శరీరాన్ని ఆధారం చేసుకుని వేసిన లెక్క అని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎత్తిచూపారు.

లైట్ల గురించి రెండు ముక్కలు. బల్ల మీద 500 లక్స్ (వెలుగును కొలిచే లెక్క) వెలుగు చాలు, హాలంతా స్టేడియంలా వెలిగించక్కర్లేదు. కిటికీ మానిటర్ వెనకా ఉండకూడదు, మనిషి వీపు వెనకా ఉండకూడదు, పక్కగా ఉండాలి. బల్లల వరుస కిటికీకి అడ్డంగా తిప్పితే సరిపోతుంది, దీనికి డబ్బు కూడా అక్కర్లేదు. కుర్చీ విషయంలో ఫొటో చూసి ఆర్డర్ ఇవ్వకండి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అంతటి ఆర్కిటెక్ట్ 1930లలో జాన్సన్ వ్యాక్స్ అనే అమెరికా కంపెనీ ఆఫీసుకు మూడు కాళ్ల కుర్చీలు గీసి ఇచ్చాడు. సరిగ్గా కూర్చోకపోతే అవి ఒరిగిపోయేవి, తర్వాత నాలుగో కాలు పెట్టాల్సి వచ్చింది. రెండు మూడు మోడళ్లు తెప్పించి, పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, లావుగా ఉన్నవాళ్లు అందరినీ వారం రోజులు కూర్చోబెట్టి అప్పుడు కొనండి.

కరెంటు, కేబుళ్లు ఎవరికీ కనిపించవు కాబట్టి కోత పడేది ముందు వాటికే. ఫ్లోరంతటికీ కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో కనీసం పావు వంతు ఖాళీ స్లాట్లు వదిలించండి. పైపుల్లో కేబుల్ కుక్కి నింపకుండా సగానికి పైగా ఖాళీ ఉంచమనండి, రేపు కొత్త కేబుల్ లాగాలంటే ఆ ఖాళీయే దిక్కు. అంతా వైఫై కదా, కేబుల్ ఎందుకు అంటారు. సీలింగులో ఉన్న ఆ వైఫై డబ్బాకు కూడా కేబుల్ కావాలి. నెట్‌వర్క్ కేబుల్ గోడలో 90 మీటర్లకు మించి పోకూడదు, కాబట్టి పెద్ద ఫ్లోరుకు సర్వర్ గది ఒక కొసన పెడితే రెండో కొసకు అందదు. ఆ గది పైన టాయిలెట్ పైపులు ఉన్నాయేమో కూడా చూసుకోండి. యూపీఎస్ బ్యాటరీల బరువు మోయగలదా అని బిల్డింగ్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి.

నిప్పు గురించి నవ్వులాట వద్దు. హాలుగా ఉన్నచోట మీరు ఒక కొత్త క్యాబిన్ కడితే, నిప్పు అంటుకుంటే సీలింగ్ నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ ఆ గోడకు అవతల ఉండిపోతుంది, పొగ డిటెక్టర్ కూడా. గోడ కదిపిన ప్రతిసారీ ఆ రెండూ మళ్లీ చూసుకోవాలి. కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు, ఫైర్ అలారం మోగగానే వాటంతటవే తెరుచుకోవాలి, కరెంటు పోయినా తెరుచుకోవాలి. హ్యాండోవర్ రోజున అలారం మోగించి చూపించమనండి. కాగితం మీద సంతకం పెట్టించుకుని సరిపెట్టుకోకండి. మెట్ల వెడల్పు ఇంతమందికే అని లెక్క ఉంటుంది. మీరు సీట్లు పెంచారని మెట్లు వెడల్పు కావు. టాయిలెట్లదీ ఇదే కథ, పైపుల షాఫ్టు ఎక్కడుంటే అక్కడే కట్టగలం. వీల్‌చైర్ తిరగడానికి 150 సెంటీమీటర్ల గుండ్రని చోటు కావాలి. టాయిలెట్ కట్టాక ఆ చోటు పుట్టదు.

తేదీల గురించి కూడా చెప్పాలి. ప్రారంభోత్సవానికి ముహూర్తం మీరు ముందే ప్రకటించేస్తారు. ఆఖరి వారంలో పెయింటు, పాలిష్, కార్పెట్ జిగురు అన్నీ ఒకేసారి పడతాయి. మర్నాడే జనం వచ్చి కూర్చుంటారు. కొత్త ఎండీఎఫ్ బోర్డుల్లోంచి (చెక్కపీచును జిగురుతో నొక్కి చేసే పలకలు) ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది, పెయింట్ల నుంచి ఇంకేవేవో ఆవిర్లు. కళ్లు మండుతున్నాయి, తలనొప్పి అని మొదటి వారమే సెలవు చీటీలు. ఫర్నిచర్ బిగించాక బయటి గాలి ఫ్యాన్లు పూర్తిగా పెట్టి ఒకటి రెండు వారాలు ఖాళీగా నడపాలి. తక్కువ వాసన పెయింటు, తక్కువ ఫార్మాల్డిహైడ్ గ్రేడు బోర్డులు అని ఆర్డర్లోనే రాయాలి.

బడ్జెట్ దాటినప్పుడు ‘వాల్యూ ఇంజనీరింగ్’ అనే పేరుతో ఒక మీటింగ్ పెడతారు. పేరు గొప్పగా ఉంటుంది, జరిగేది కోత. ఆ మీటింగుకు మమ్మల్ని పిలవరు. బయటి గాలి యూనిట్ చిన్నదవుతుంది, స్లాబు దాకా వెళ్లాల్సిన గోడ సీలింగ్ దగ్గర ఆగిపోతుంది, బోర్డులో ఖాళీ స్లాట్లు పోతాయి. లోగో గోడ, మొక్కల గోడ మాత్రం చెక్కుచెదరవు. అసలు మొక్కల గోడకు నీళ్లు పోసేదెవరు, ఎండిన మొక్కలు మార్చేదెవరు అని ఆ మీటింగులో ఎవరైనా అడిగితే ఎంత బావుండును!

నేను అడిగేవి ఎక్కువేం కాదు. డ్రాయింగ్ మీద సంతకం పెట్టే ముందు ఒకే ఒక కాగితం తయారు చేయించండి. ఎడమవైపు మూడేళ్ల తర్వాత, బాగా రద్దీ రోజున ఎంతమంది ఉంటారని మీరు అనుకుంటున్నారో ఆ అంకె. కుడివైపు బయటి గాలి, కూలింగ్, కరెంటు, టాయిలెట్లు, అత్యవసర దారులు ఒక్కొక్కటి ఎంతమందికి సరిపోతాయో ఇంజనీర్లు సంతకం చేసి ఇచ్చిన అంకెలు. వాటిలో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ ఆఫీసు అసలు కెపాసిటీ, లేఅవుట్లో కుర్చీలు ఎన్ని గీసినా సరే. అద్దె ఒప్పందంలో, ఖాళీ చేసేటప్పుడు ఏమేం విప్పి అప్పగించాలో చదువుకుని ఆ ఖర్చు కూడా ఆ కాగితం కిందే రాయించండి.

బడ్జెట్లో పదో వంతు ముట్టుకోకుండా ఉంచండి. జనం వచ్చి మూడు నెలలు పనిచేశాక ఏ మూల చలి, ఏ గదిలో ఉక్క, ఏ కారిడార్లో గోల అన్నది నా ఫిర్యాదుల రిజిస్టర్లో ఉంటుంది. ఆ డబ్బు దానికి ఖర్చు పెడదాం. వాల్యూ ఇంజనీరింగ్ మీటింగు ఎప్పుడో చెప్పండి, రిజిస్టర్ తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక అడ్మిన్ మేనేజర్